పెదవులు కదిలిన సాయంత్రం

బ్రదర్ గారు ఆ మాట అన్నప్పుడు మైకక్క చేతిలో తడి దుప్పటి ఉంది కాబట్టి సరిపోయింది. ఇస్త్రీపెట్టె ఉండుంటే సంగతి వేరేగా ఉండేది.

"శనివారం స్తుతి ఆరాధనలో మీ మరదలు సాక్ష్యం చెప్పాలక్కా," అన్నాడాయన లాండ్రీ గుమ్మంలో నిలబడి, ఆవిరి పట్టిన కళ్ళజోడు తుడుచుకుంటూ. "మీ తమ్ముడు ప్రభువును స్తుతిస్తూ కన్నుమూశాడు. ఎంతమందికి దొరుకుతుంది అలాంటి చావు? ఆ అమ్మాయి అది తన నోటితో చెప్పి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటే మనసు తేలికవుతుంది."

"దేనికి బ్రదర్ కృతజ్ఞతలు?"

"అన్నిటికీ."

"అన్నిటికీ అంటే? మొగుణ్ణి తీసుకుపోయినందుక్కూడానా?"

"తీసుకుపోవడం కాదక్కా. పిలుచుకోవడం."

మైకక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. "సరే, మిమ్మల్ని పిలుచుకున్నప్పుడు మీ ఆవిడ చేత చెప్పిద్దాం లెండి. నేనే దగ్గరుండి మైకు పట్టుకుంటా," అంది.

లోపల దుప్పట్లు మడతపెడుతున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. బ్రదర్ గారికి ఏ మాటా అంటదు. "ప్రైజ్ ద లార్డ్ అక్కా," అని నవ్వి, కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టించుకుని కూడా నవ్వుతూ వెళ్ళే మనుషుల్ని చూస్తే ఆమెకు ఇంకా మంట.

ఈ బ్రదర్ గారు మఠంలో చేరిన మనిషేం కాదు. పెళ్ళాం పిల్లలున్నవాడు. మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు ఉంది. విచారణలో, అంటే ఆ గుడి కిందికొచ్చే విశ్వాసుల్లో, స్తుతి బృందాన్ని పెట్టిందీ ఆయనే, గుడి పక్క హాల్లో గోడకొకటి చొప్పున సౌండు బాక్సులు బిగించిందీ ఆయనే. మెల్లగా చేసే ప్రార్థన ఆయన దృష్టిలో సగం వండిన అన్నం. చేతులెత్తాలి, చప్పట్లు కొట్టాలి, గొంతు చిరిగేలా అల్లెలూయ అనాలి. పక్కవాడికి మన గొంతు వినపడకపోతే పైవాడికేం వినపడుతుందంటాడు.

మైకక్కకి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ హాల్లో మైకు అక్కర్లేని గొంతు ఆమె ఒక్కదానిదే. ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ కేకల ప్రార్థన ఆమెకు ప్రాణం. పొద్దున్నుంచి ఆవిరి యంత్రాల మధ్య అరిచి అరిచి మాట్లాడే మనిషి, దేవుడి దగ్గర మాత్రం గుసగుసలాడుతుందా? ఆస్పత్రి దుప్పట్ల మీద ఎవరెవరి చీమూ నెత్తురూ ఉతికి ఉతికి, వారమంతా కడుపులో కుక్కుకున్నదంతా శనివారం సాయంత్రం ఒక్క కేకతో బయటికి పోయేది. ఆమె పాట ఎత్తుకుంటే వెనక తమ్ముడు డ్రమ్స్ అందుకునేవాడు. తమ్ముడు పగలు లిఫ్టులు బాగుచేసేవాడు, శనివారం సాయంత్రం ఆ హాలు కప్పు లేపేవాడు. అక్క గొంతూ తమ్ముడి చెయ్యీ కలిస్తే కూర్చున్న ముసలమ్మలు కూడా లేచి ఊగేవాళ్ళు.

ఆ తమ్ముడికి కాలేయం చెడింది. చుక్క ముట్టని వాడికి! ఆస్పత్రివాళ్ళు ఇంక మా చేతుల్లో లేదని ఇంటికి పంపేశారు. ముందు గదిలో మంచం వేశారు. ఇక రోజూ సాయంత్రం స్తుతి బృందం మొత్తం ఆ గదిలోనే. బృందంలో ఒక పద్ధతి ఉంది. నయం చెయ్యమని అడగరు. నయం చేసేశావు ప్రభువా, నీకు స్తోత్రం అని ముందే చెప్పేస్తారు. అడగడం అనుమానమట, ముందే స్తుతించడం విశ్వాసమట. మైకక్క మంచం తలాపిన నిలబడి అందరికంటే గట్టిగా చెప్పింది. తమ్ముడు పసుపు ముద్దలా అయిపోతుంటే, నయం చేశావు స్తోత్రం, నయం చేశావు స్తోత్రం అని గొంతు పోయేదాకా చెప్పింది.

తమ్ముడు పోయాడు. ఆ మర్నాడు అదే బృందం, అదే రాగంలో, పిలుచుకున్నావు స్తోత్రం అని అందుకుంది. సమాధి దగ్గర ఆ పాట మైకక్క అందుకోలేదు. అప్పట్నుంచి పాడలేదు. నిన్నటిదాకా నయం చేశావని పొగిడిన నోటితో ఇవాళ తీసుకెళ్ళావని పొగడటమేంటి? దేవుణ్ణి పొగుడుతున్నారా, వెర్రివాణ్ణి చేస్తున్నారా? ఆమెకు దేవుడి మీద కోపం, పాట మీద కోపం, ఆ సౌండు బాక్సుల మీద కోపం. అయినా శనివారం వస్తే వెళ్ళి చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చునేది. మానేస్తే దేవుడితో ఎక్కడ పోట్లాడాలి?

ఒక్క విషయంలో మాత్రం ఆమెకు ఊరట ఉండేది. చివరి సాయంత్రం తమ్ముడి పెదవులు కదిలాయి. బృందం అంతా చూసింది. "చూడండి, మనతో పాటు స్తుతిస్తున్నాడు!" అని బ్రదర్ గారు కేక వేస్తే, గది దద్దరిల్లేలా అందరూ పాట అందుకున్నారు. ఆ పాటలోనే ప్రాణం పోయింది. ఎంత కోపంలో ఉన్నా, లాండ్రీలో ఎవరైనా పరామర్శకొస్తే ఆ మాట మైకక్క కూడా చెప్పేది. స్తుతిస్తూ పోయాడమ్మా మా తమ్ముడు, అని.

ఇక ఆ తమ్ముడి పెళ్ళాం. నోట్లో నాలుక లేని పిల్ల. మొగుడు పోయాక ఇంట్లో కూర్చోబెడితే పిచ్చెక్కుతుందని మైకక్కే తనతో పాటు లాండ్రీలో పనికి పెట్టింది. ఏడవదు. మాట్లాడదు. స్తుతి ఆరాధనకు తీసుకెళ్తే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. బృందంలో ఆడవాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు. ఆ పిల్లకి విశ్వాసం చాలదట, దేవుడి మీద కోపం పెట్టుకుందట, ఆ కోపంతో మొగుడి ఆత్మకు కూడా శాంతి ఉండదట. మైకక్క ఒకావిణ్ణి గుడి మెట్ల మీదే నిలేసి, "నీ ఆత్మ సంగతి చూసుకో ముందు," అని కడిగిపారేసింది.

బ్రదర్ గారు వచ్చి వెళ్ళిన రోజు మధ్యాహ్నం ఇద్దరూ దుప్పట్లు మడతపెడుతున్నారు. పెద్ద దుప్పటి ఒక్కరికి లొంగదు. ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలు పట్టుకుని, లాగి దులిపి, దగ్గరికి నడిచి కొసలు కలపాలి. పక్కన ఆరబెట్టే డ్రమ్ములు ధనధనమంటున్నాయి.

"వదినా," అంది మరదలు, కొసలు కలపడానికి దగ్గరికొచ్చినప్పుడు. "సాక్ష్యం గురించి..."

"నువ్వేం భయపడకు. నేనుండగా నిన్ను ఆ మైకు దగ్గరికి ఎవడు లాక్కెళ్తాడో చూస్తా."

"అది కాదు వదినా. ఆ రోజు సాయంత్రం ఆయన..."

"గట్టిగా చెప్పవే తల్లీ, ఈ యంత్రాల్లో వినపడి చావట్లేదు!"

ఆ పిల్ల దుప్పటి కొసలు వదినకు అందించి, వెనక్కి నడిచి ఇంకో దుప్పటి తీసుకుంది. మళ్ళీ దగ్గరికొచ్చేసరికి మైకక్క తన ధోరణిలో తను ఉంది. "కృతజ్ఞతలట! నువ్వు లేచి, మా ఆయన్ని చంపినందుకు థాంక్స్ అని చెప్పాలట! నోరెలా వచ్చింది ఆ మనిషికి? ఫాదర్ గారి దగ్గరికి వెళ్తాను ఇవాళే. ఆయన మాటంటే మాటే కదా. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నీ బదులు నేనున్నా." మరదలు తల ఊపింది. కొసలు కలిశాయి.

పని అయ్యాక, ఒంటి మీద ఆవిరి కూడా ఆరకుండానే మైకక్క ఫాదర్ గారి ఇంటికి వెళ్ళింది. ఫాదర్ గారు మెత్తని మనిషి. గుడి పీఠం మీద ఉంచిన దివ్యసత్ప్రసాదం ముందు మౌనంగా మోకరిల్లి గంటలు గడిపేస్తారు గానీ, ఎదురుగా నిలబడిన మనిషికి కాదని చెప్పడం మాత్రం ఆయన వల్ల కాదు.

"సాక్ష్యం బలవంతంగా చెప్పించకూడదు. నిజమేనమ్మా," అన్నారు.

"అయితే వద్దని చెప్పండి ఫాదర్."

ఫాదర్ గారు నీళ్ళు నమిలారు. "బ్రదర్ గారి మనసు మంచిది. ఆయన ఉద్దేశం..."

"మనసు గురించి ఎవరడిగారు ఫాదర్? నేను నోటి గురించి మాట్లాడుతున్నా."

"నీకు కోపం ఉంటే ఆ కోపం దేవుడికే చెప్పుకో తల్లీ. తప్పు లేదు. కీర్తనల గ్రంథంలో సగం ఫిర్యాదులే."

"అలాగా! అయితే శనివారం ఆ సగం పాడించండి. మేం ఇంతవరకూ రెండో సగమే పాడుతున్నాం."

ఫాదర్ గారు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశారు. "చూస్తాను. మాట్లాడతాను," అన్నారు. ఆ గొంతు వినగానే ఆమెకు తెలిసిపోయింది, ఈయన చూడనూ చూడడు, మాట్లాడనూ మాట్లాడడని. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం అని పళ్ళు కొరుక్కుంటూ ఇంటికి నడిచింది.

శనివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. సాక్ష్యం ఉందని బ్రదర్ గారు ముందే ఊదరగొట్టి పెట్టాడు. చివరి బెంచీ నిండిపోవడంతో మైకక్క మధ్య బెంచీలో మరదల్ని గోడవైపు కూర్చోబెట్టి, తను నడవవైపు అడ్డంగా కూర్చుంది. కీబోర్డు మొదలైంది. తమ్ముడి డ్రమ్స్ దగ్గర వేరే ఎవరో కూర్చుని ఉన్నారు. దెబ్బ ఒకటి ముందుపడుతోంది, ఒకటి వెనకపడుతోంది. మైకక్క అటు చూడలేదు.

"చేతులెత్తండి! అందరూ! ప్రభువుకి మీ గొంతు ఇవ్వండి!" బ్రదర్ గారి గొంతు నాలుగు గోడల నుంచీ వచ్చి మీద పడింది. హాలంతా చేతులు లేచాయి. అల్లెలూయ, స్తోత్రం, యేసయ్యా అని ఎవరి పాటికి వాళ్ళు అరుస్తున్నారు. అందులో ఏడుస్తున్నవాళ్ళున్నారు, నవ్వుతున్నవాళ్ళున్నారు. మైకక్కకి గొంతు దురద పెట్టింది. ఆ సముద్రంలో దూకి ఎన్నాళ్ళయింది! దూకాలనిపించినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

అప్పుడు వెనక బెంచీలో ఉన్న ఒకావిడ ముందుకు వంగి, మరదలి మోచేతులు రెండూ పట్టుకుని పైకి లేపింది. "ఎత్తమ్మా, ఎత్తు, బరువంతా దిగిపోతుంది," అంటూ. ఆ పిల్ల చేతులు బట్టల తీగ మీద వేసిన చొక్కా చేతుల్లా వేలాడాయి.

మైకక్క ఆ చేతిని ఒక్క చరుపు చరిచింది. "ఆ చేతులు నీవి కావు! వదులు!"

ఆవిడ బిత్తరపోయి వెనక్కి తగ్గింది. సరిగ్గా అప్పుడే పాట ఆగింది. బ్రదర్ గారు కళ్ళు మూసుకుని, మెత్తని గొంతుతో అన్నాడు. "మన తమ్ముడు ఈ లోకం విడిచిన సాయంత్రం మనలో చాలామంది ఆ గదిలో ఉన్నాం. ఆఖరి శ్వాసలో కూడా అతని పెదవులు ప్రభువును స్తుతించాయి. ఈరోజు అతని భార్య వచ్చి ఆ సాక్ష్యం చెబుతుంది. రామ్మా."

మరదలు లేచింది. ఎవరూ లాగలేదు, తనే లేచింది.

"నువ్వు కూర్చో," అంది మైకక్క.

"వదినా, నేను..."

"కూర్చోవే! నేను చూసుకుంటానని చెప్పానా లేదా?" అని ఆ పిల్ల భుజం నొక్కి కూర్చోబెట్టి, విసవిసా నడుచుకుంటూ వెళ్ళి వేదిక ఎక్కింది. బ్రదర్ గారు వద్దనేలోపే మైకు ఆమె చేతిలో ఉంది.

"ప్రభువా!" అంది.

"ఆమెన్!" అంది హాలు. ఎన్నాళ్ళకో మైకక్క గొంతు విన్న ఉత్సాహం అందరిలో.

"మా తమ్ముణ్ణి నాకిచ్చేశావని ముందే స్తోత్రం చెప్పాను."

"ఆమెన్!"

"నువ్వు ఇవ్వలేదు."

"అల్లెలూయ!"

మైకక్క హాలు వైపు చూసింది. పొరపాటున అన్నారేమో అనుకుంది. "ఇవ్వకపోగా నీకు స్తోత్రం చెప్పమంటున్నారు. నేను చెప్పను!"

"ఆమెన్! స్తోత్రం!"

చేతులు గాల్లో ఊగుతున్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక్కో వాక్యం ఆగిన చోటల్లా వాళ్ళ నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. మైకక్కకి ఒళ్ళంతా భగ్గుమంది. "నేను ఏమంటున్నానో వింటున్నారా మీరు?"

"ఆమెన్!"

"నోరు ముయ్యండి! ఒక్కసారి నోరు మూసి వినండి! మనం ఎవరి మాటా వినం! చచ్చేవాడి పక్కన కూర్చుని నయమైపోయిందని పాడాం! చచ్చాక బాగా చచ్చాడని పాడాం! ఆ పిల్ల మొహం ఎవరైనా చూశారా? దాన్ని ఎవరైనా ఒక్క మాట అడిగారా?"

ఇప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. బ్రదర్ గారు కీబోర్డు వైపు చెయ్యి ఊపాడు. పాట మొదలైంది. ఎలాగైనా ఈ గొడవ పాట కింద పడి అణిగిపోవాలని ఆయన తంటా. ముందు వరసలు అందుకున్నాయి. మైకక్క వాళ్ళకంటే గట్టిగా అరిచింది. వాళ్ళు ఆమెకంటే గట్టిగా పాడారు. డ్రమ్స్ కలిశాయి. సౌండు బాక్సులు కీచుమన్నాయి. ఫాదర్ గారు తలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ కలిపి నలుపుకుంటున్నారు. ఆమె ఏం తిడుతోందో, వాళ్ళు ఏం పొగుడుతున్నారో ఎవరికీ తెలియని స్థితి వచ్చింది.

అంతలో మైకక్క నోటి మీద ఒక చెయ్యి పడింది.

మెత్తగా కాదు. గట్టిగా, ఆవిరికి కాలి గరుకెక్కిన అరచెయ్యి. మరదలు ఎప్పుడు వేదిక ఎక్కిందో ఎవరూ చూడలేదు. వదినా అని గట్టిగా పిలవడానికి కూడా జంకే పిల్ల, ఆడబిడ్డ నోరు నొక్కి పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల కళ్ళు చూసి మైకక్క కదలలేదు. ముందు వరసలో పాట ఆగింది. తర్వాత వెనక. కీబోర్డు ఒంటరిగా కాసేపు మోగి, సిగ్గుపడి ఆగిపోయింది.

మరదలు చెయ్యి తీసి, మైకు తీసుకుంది.

"నన్ను సాక్ష్యం చెప్పమన్నారు." ఆ గొంతు ఎంత చిన్నదంటే, మైకులో కూడా చెవి రిక్కించాల్సి వచ్చింది. "ఆ సాయంత్రం ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పెదవులు కదిపారు. నాతో ఏదో చెబుతున్నారు. నేను నోటి దగ్గర చెవి పెట్టాను. మీరంతా పాడుతున్నారు. ఆపండి, ఏదో అంటున్నారు అన్నాను. స్తుతిస్తున్నాడు అని ఇంకా గట్టిగా అందుకున్నారు. ఆయన మళ్ళీ చెప్పారు. నాకు వినపడలేదు. అరిచాను, ఆపండి అని. నా అరుపు కూడా పాటే అనుకున్నారు. ఆయన నా వైపు చూస్తూ ఇంకోసారి చెప్పబోయారు. ఇంక గాలి చాల్లేదు."

ఎవరూ ఆమెన్ అనలేదు.

"దాహమన్నారో, భయమన్నారో, నన్నే పిలిచారో నాకు తెలీదు. స్తోత్రమే అన్నారేమో, అదీ తెలీదు. రోజూ పడుకుంటే ఆ పెదవులే కనపడతాయి. మీరు చాలామంది ఉన్నారుగా ఆ గదిలో. ఎవరికైనా ఆయన మాట వినపడిందా? వినపడితే చెప్పండి. ఏం చెప్పినా నమ్ముతాను. అప్పుడు మీరు చెప్పమన్న కృతజ్ఞతలు కూడా చెబుతాను."

ఆ పిల్ల ముందు వరస నుంచి వెనక్కి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. మోచేతులు లేపిన ఆవిడ తల దించుకుంది.

"బ్రదర్ గారూ, మీకు వినపడిందా?"

"అమ్మా, పెదవులు కదలడం అందరం..."

"పెదవులు నేనూ చూశాను. మాట అడుగుతున్నా."

బ్రదర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మరదలు పక్కకు తిరిగింది. "వదినా, మీరు తలాపినే ఉన్నారు. నా పక్కనే. మీకు?"

ఒక్క అబద్ధం చాలు. నీ పేరే పిలిచాడే పిచ్చిదానా అంటే చాలు, ఈ పిల్ల ఇవాళ నిద్రపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ కళ్ళు తన పెదవుల మీదే ఉన్నాయి, ఏం రాలినా ఏరుకోవడానికి సిద్ధంగా. అలా చూసే మనిషికి అబద్ధం చెప్పడం ఆమె చేత కాలేదు.

"లేదమ్మా," అంది. "నేను అరుస్తున్నా. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. నాకేం వినపడలేదు."

మరదలు తల ఊపింది. ఇది తనకు ముందే తెలుసన్నట్టు ఊపింది. మైకు తీసుకెళ్ళి బ్రదర్ గారి చేతిలో పెట్టింది.

"అయితే ఎవరికీ తెలీదు," అంది. "స్తుతిస్తూ పోయాడని ఇంకెప్పుడూ ఎక్కడా చెప్పకండి."

వేదిక దిగి, రెండు వరసల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. మైకక్క కూడా వెనకాలే వెళ్ళింది. దారి పొడుగునా ఆమె నోరు విప్పలేదు, ఆ పిల్ల ఏమైనా అంటే వినపడాలని.